సీరియల్ నంబరు చూసి సర్టిఫికెట్ ఇచ్చే సాఫ్ట్‌వేరు మహానుభావులకు

ముందుగా ఒక మాట. ఈ టపాలో తిట్లు తినేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. కాబట్టి "వీడెవడండీ మాకు చెప్పడానికి" అని ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. నాక్కూడా కలిపే చెప్పుకుంటున్నాను.

మొన్నామధ్య ఆఫీసులో లంచ్ దగ్గర కూర్చున్నాం. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు సెకండ్ హ్యాండులో రోలెక్స్ ఒకటి కొందామని చూస్తున్నాడు. అమ్మేవాడు పంపిన సీరియల్ నంబరు ఫోటో చూపించాడు. టేబుల్ చుట్టూ ఆరుగురం ఉంటే నలుగురు వెంటనే ఫోన్లు తీశారు. రెండు నిమిషాల్లో తీర్పు వచ్చేసింది. "ఎఫ్ సీరీస్ రా, 2003, 2004 ఆ ప్రాంతం. నంబరు కరెక్టే. ఒరిజినల్. కొనేయ్." ఈ మాటన్నవాడు పదిహేనేళ్ళ అనుభవమున్న ఆర్కిటెక్టు. పక్కనే ఉన్న సెక్యూరిటీ టీము అమ్మాయి కూడా తలూపింది. నాకు మాత్రం తింటున్న పెరుగన్నం గొంతు దిగలేదు. ఎందుకంటే సరిగ్గా ఇదే తీర్పు నేనూ ఒకసారి ఇచ్చాను. దాని ఖరీదు నాలుగున్నర లక్షలు. పోయినవి నావి కావు.

కథ చెప్తాను వినండి.

మా బాబాయిది తెనాలి దగ్గర పల్లెటూరు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మా చెల్లికి సంబంధం కుదిరింది. అబ్బాయి బెంగుళూరులో మనలాగే సాఫ్ట్‌వేరు. "మాకేమీ వద్దండీ, పిల్లని పంపిస్తే చాలు" అన్నారు. అంతా బాగానే ఉంది. నిశ్చితార్థం నాడు అబ్బాయి తరపు పెద్దావిడ ఒకావిడ కాఫీ తాగుతూ "మా పెద్దాడికి వాళ్ళ మామగారు రోలెక్స్ పెట్టారండీ" అని ఒక మాట వదిలి వెళ్ళింది. ఆవిడ అడగలేదు. ఊరికే చెప్పింది, అంతే. మన దగ్గర అడగడమంటే అదే కదా!

కొత్తది కొనే స్తోమత బాబాయికి లేదు. హైదరాబాదులో ఒక డీలరు దగ్గర సెకండ్ హ్యాండు డేట్‌జస్ట్, స్టీలూ బంగారమూ కలిసినది, నాలుగున్నర లక్షలకి బేరం కుదిరింది. రిటైర్మెంటు డబ్బులు. డీలరు చెయిన్ ఊడదీసి మరీ లోపలి నంబర్ల ఫోటోలు పంపాడు. బాబాయి వాటిని నాకు పంపి ఫోన్ చేశాడు. "ఒరేయ్ నాన్నా, నువ్వు కంప్యూటర్లవాడివి కదా, ఇది అసలుదో కాదో కాస్త చూసి చెప్పరా."

నేనేం చేశాను? కాన్ఫరెన్సు కాల్ మ్యూట్‌లో పెట్టి నెట్‌లో ఒక పట్టిక తెరిచాను. ఎస్ అక్షరంతో మొదలయ్యే నంబరు, 1993, 94 ప్రాంతం. రిఫరెన్సు 16233, అంటే స్టీలూ బంగారమూ. అన్నీ అతికినట్టు సరిపోయాయి. నాలుగు నిమిషాల పని. "నంబరు కలిసింది బాబాయ్, తీసేసుకో" అన్నాను.

పెళ్ళయిన ఏడాదిన్నరకి వాచీ ఆలస్యంగా నడుస్తోందని బావగారు కంపెనీ అధికారిక సర్వీసుకి ఇచ్చాడు. వాళ్ళు మూత తెరిచి చూసి మళ్ళీ మూసి చేతిలో పెట్టారు. లోపలి మెషీను కంపెనీది కాదు. కేసూ కాదు. బంగారం అనుకున్నది పూత. బావగారు నాకు ఫోన్ చేసి అన్న మొదటి మాట: "బావగారూ, మామయ్యగారికి మాత్రం చెప్పకండి." డీలరు ఫోను అప్పటికే పనిచేయడం లేదు. బిల్లు అని ఇచ్చింది తెల్లకాగితం మీద రాసిన ఎస్టిమేటు.

మరి ఆ నంబరు? అది నిఖార్సయిన నంబరే! పట్టికలో ఉన్న పద్ధతి ప్రకారం ఒక్క అక్షరం తేడా లేదు. దొంగకి ఆ మాత్రం పట్టిక చూడటం రాదా?

సరే, అసలు విషయానికొద్దాం. ఈ నంబర్లేమిటో ముందు అర్థం చేసుకుందాం. తర్వాత మన బుర్రల సంగతి చూద్దాం.

రోలెక్స్ మీద ముఖ్యంగా రెండు నంబర్లుంటాయి. ఒకటి రిఫరెన్సు, అంటే మోడల్ నంబరు. రెండోది సీరియల్, అంటే ఆ ఒక్క వాచీ నంబరు. పాత వాచీల్లో చెయిన్ ఊడదీస్తే 12 అంకె వైపు కొమ్ముల మధ్య రిఫరెన్సూ, 6 అంకె వైపు కొమ్ముల మధ్య సీరియలూ చెక్కి ఉంటాయి. 2005 ప్రాంతం నుంచి సీరియల్‌ని అద్దం కింద డయలు చుట్టూ ఉండే లోపలి రింగు మీద, 6 దగ్గర చెక్కడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళు రెండుచోట్లా ఉండి, తర్వాత రింగు మీదే మిగిలింది.

రిఫరెన్సులో కాస్త అర్థముంది. 16233 తీసుకోండి. మొదటి 162 అంటే ఆ తరం డేట్‌జస్ట్. తర్వాతి 3 అంటే గాడులు పెట్టిన బెజెల్. చివరి 3 అంటే స్టీలూ పసుపు బంగారమూ. ఆ చివరి అంకె 0 అయితే ఉత్త స్టీలు, 4 అయితే స్టీలు మీద తెల్లబంగారం బెజెల్, 8 అయితే పూర్తి పసుపు బంగారం. కొత్త వాటిలో చివర అక్షరాలు కూడా తగిలిస్తున్నారు. ఎల్ఎన్ అంటే ఫ్రెంచిలో నల్ల బెజెల్, ఎల్‌వి అంటే పచ్చ బెజెల్. ఇక తారీఖు చూపించే సబ్‌మెరైనర్ వరస చూడండి: 1680, 16800, 168000, ఆ తర్వాత 16610, 116610, 2020లో 126610. 168000 తర్వాత 16610 అట! మన ప్రోడక్ట్ మేనేజర్ల వెర్షన్ నంబర్లే నయం :-)

ఒమేగా వాళ్ళది ఇంకాస్త పద్ధతిగా ఉంటుంది. 310.30.42.50.01.001 అంటే స్పీడ్‌మాస్టర్ కలెక్షను, స్టీలు వాచీకి స్టీలు చెయిను, 42 మిల్లీమీటర్లు, మెషీను రకం, నల్ల డయలు, చివర వరస సంఖ్య. డేటాబేస్ డిజైన్ చేసినవాడెవడో మనవాడే అనిపిస్తుంది.

సీరియల్ కథ మాత్రం వేరు. రోలెక్స్ నంబర్లు ఒక్కొక్కటే పెరుగుతూ 1950ల మధ్యకొచ్చేసరికి ఆరంకెలూ నిండిపోయాయి. ఏం చేశారు? మళ్ళీ కింద నుంచి మొదలుపెట్టారు. అచ్చంగా ఓవర్‌ఫ్లో. అందుకే ఆరంకెల నంబరు చూసి అది ఏ కాలానిదో చెప్పాలంటే వాచీ తీరు కూడా చూడాలి. తర్వాత ఏడంకెలకి పెరిగి, 1987 నాటికి అవీ అయిపోతే ముందు ఒక అక్షరం పెట్టారు. ఆర్, ఎల్, ఇ, ఎక్స్. రోలెక్స్ స్పెల్లింగులోంచి ఓ ఒక్కటే తీసేశారు, సున్నాతో కలగాపులగం అవుతుందని అంటారు. ఆ తర్వాత ఎన్, సి, ఎస్, డబ్ల్యూ.. ఇలా ఒక క్రమం లేకుండా అక్షరాలు మారుతూ 2010 ప్రాంతానికొచ్చి, మొత్తం పద్ధతే ఎత్తేసి అక్షరాలూ అంకెలూ కలగలిపిన నంబర్లు ఇస్తున్నారు. మన భాషలో చెప్పాలంటే ఆటో ఇంక్రిమెంటు తీసేసి యుయుఐడీ పెట్టారన్నమాట. కాబట్టి "ఈ నంబరు చూస్తే 2016లో తయారైందని తెలుస్తోంది" అని ఎవడైనా అంటే వాడు అబద్ధమైనా ఆడుతున్నాడు, లేదా వాడికి తెలియదు.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. ఆ అక్షరాల పట్టికని కంపెనీ ప్రచురించలేదు. వాచీలు పోగుచేసేవాళ్ళు తమ దగ్గరున్న వాచీలూ, వాటి కాగితాల మీది తేదీలూ కలిపి చూసి రాసుకున్న అంచనా అది. ఒక పట్టికకీ ఇంకో పట్టికకీ ఏడాది తేడా ఉంటుంది. పైగా ఎప్పుడు నంబరు పడిందో, ఎప్పుడు దుకాణంలో అమ్ముడైందో రెండూ ఒకటి కావు. మనం దాన్ని ఏదో స్పెసిఫికేషన్ డాక్యుమెంటులా నెత్తిన పెట్టుకుంటాం.

ఇప్పుడు నా అసలు గొడవ. ఐడెంటిఫికేషన్ వేరు, ఆథెంటికేషన్ వేరు అని మనకి ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేర్పుతారు. యూజర్ నేమ్ చెప్పినవాడికల్లా లాగిన్ ఇస్తామా? ఎవడో ఒకడు ప్రైమరీ కీ చెప్పాడని ఆ రికార్డు వాడిదే అనేస్తామా? మరి వాచీ నంబరు పట్టికలో ఉందని వాచీ అసలుదని ఎలా అన్నాం? మనం చేసింది రెగెక్స్ మ్యాచ్ మాత్రమే. ఈమెయిల్ అడ్రసు మధ్యలో ఎట్ గుర్తు ఉందని ఆ మనిషి మంచివాడని పిల్లనిచ్చినట్టు ఉంది మన వ్యవహారం.

నంబరు రహస్యమేమీ కాదు. వాచీ మీద చెక్కి ఉంది, కాగితం మీద అచ్చేసి ఉంది, అమ్మకం ఫోటోల్లో కనిపిస్తూ ఉంటుంది. తెలిసిన అమ్మకందార్లు ఫోటోల్లో చివరి అంకెలు చెరిపేసి పెట్టేది అందుకే. ఒక అసలు వాచీ నంబరు దొరికితే చాలు, అదే నంబరుని వంద నకిలీల మీద చెక్కుకోవచ్చు. కాపీ ఖర్చు సున్నా. ఆ వందమందీ వంద ఊళ్ళలో వందమంది సాఫ్ట్‌వేరు అన్నయ్యల్ని అడుగుతారు. వందమందీ "నంబరు కలిసింది" అనే చెప్తారు!

"సరే, నకిలీ సంగతి అలా ఉంచు, భాగాలన్నీ అసలువే అయితే నంబరు నమ్మొచ్చుగా" అంటారా? అయితే ఇది వినండి. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి, రిఫరెన్సు 2915-1, 1957 నాటి మొదటి తరానిది, 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి అమ్ముడుపోయింది. కొన్నది ఎవరనుకున్నారు? ఒమేగా కంపెనీయే, తన మ్యూజియం కోసం. 2023లో తేలిందేమిటంటే, ఆ వాచీలో భాగాలు చాలావరకు అసలైనవే గానీ ఒకే వాచీవి కావు. అక్కడొకటీ ఇక్కడొకటీ తెచ్చి అతికించిన బాపతు. దీని వెనక తమ మాజీ ఉద్యోగుల చేయి ఉందని కంపెనీయే చెప్పింది. రికార్డుల గది తాళాలు చేతిలో ఉన్న కంపెనీయే మోసపోతే, మన నాలుగు నిమిషాల గూగుల్ ఎంత?

అలాగని నంబరు దండగ అనడం లేదు. నంబరు తప్పని నిరూపించగలదు, ఒప్పని నిరూపించలేదు. టెస్టింగ్ గురించి డైక్‌స్ట్రా ఎప్పుడో చెప్పిన సంగతే ఇది. ఎస్ సీరీస్ నంబరున్న వాచీ మీద 116తో మొదలయ్యే ఆరంకెల రిఫరెన్సు కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు, లేచి వచ్చేయొచ్చు. వాచీ నంబరూ కాగితం నంబరూ వేరైతే అంతే. దొంగసొత్తు కాదని చూసుకోవడానికి నంబరు పనికొస్తుంది. కార్టియర్ లాంటి బ్రాండ్లు చేతిలో ఉన్న రిష్‌మాంట్ సంస్థ 2023లో ఎన్‌క్వైరస్ అని పోయిన వాచీల జాబితా ఒకటి పెట్టింది. రేపు మీ వాచీ పోతే పోలీసు కంప్లయింటులో రాయడానికీ నంబరే కావాలి. దాని పని అదీ. అంతవరకే.

ఇప్పుడు కంపెనీల వంతు. బంగారం సంగతి చూడండి. మన దేశంలో 2021 జులై నుంచి హాల్‌మార్కు నగ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ వేస్తున్నారు, 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా హాల్‌మార్కు నగ అమ్మకూడదు. మా పిన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ రకం నగో, స్వచ్ఛత ఎంతో, ఏ కేంద్రంలో పరీక్షించారో చూపిస్తుంది. గాజుల జత చేతిలో ఉండగా యాప్ ఉంగరం అంటే మోసమని తెలిసిపోతుంది. సెల్‌ఫోనుకైతే ఐఎంఈఐ ఉంది, చివరి అంకె లెక్క కడితే టైపింగ్ తప్పయినా దొరుకుతుంది, ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో కొట్టి చూసుకోవచ్చు. ఎనిమిది వేల ఫోనుకున్న ఈ పాటి సౌకర్యం ఎనిమిది లక్షల వాచీకి ఎందుకు లేదు? కొన్నవాడు నంబరు కొట్టి చూసుకోవడానికి రోలెక్స్‌లో బహిరంగంగా ఏ తలుపూ లేదు. అదే 2022 డిసెంబరులో తన డీలర్ల ద్వారా సెకండ్ హ్యాండు వాచీలు అమ్మే పథకం మొదలుపెట్టినప్పుడు మాత్రం అసలుదని గ్యారంటీ కాగితం ఇస్తోంది. తన కౌంటరు మీద అమ్మితే చెప్పగలిగింది, నీ నా చేతిలో ఉంటే చెప్పకూడదా?

దీనికి ఒక సమాధానం ఉంది, అదీ చెప్పాలి. నంబర్ల జాబితా బయటపెడితే దొంగలకి మంచి నంబర్లు ఏరుకోవడం ఇంకా తేలిక అవుతుంది అంటారు. నిజమే, హెచ్‌యూఐడీని కూడా కాపీ కొట్టొచ్చు. కానీ దాచిపెట్టినందువల్ల దొంగ ఆగాడా? ఆగలేదు. ఆగిపోయింది కొనేవాడి చూపు మాత్రమే. దాచిపెట్టడమే భద్రత అనుకునే డిజైన్‌ని కోడ్ రివ్యూలో మనమైతే ఒప్పుకుంటామా? పటేక్ ఫిలిప్ వాళ్ళు తమ రికార్డుల్లోంచి తయారైన తేదీ, అమ్మిన తేదీ రాసి కాగితం ఇస్తారు. అది కూడా వాచీని చూడకుండా రికార్డు చూసి ఇచ్చేదే కాబట్టి అసలుదని సర్టిఫికెట్ కాదు. అయినా ఎంతోకొంత వెలుతురు.

కంపెనీని తిట్టడం సులువు. ఆ వాచీ మా ఇంటికి ఎందుకొచ్చిందో కూడా అడగాలి కదా. మన తాతల కాలంలో అల్లుడికి సైకిలూ రేడియో వాచీ పెట్టేవాళ్ళు. అప్పుడు వాచీ అంటే టైము చూసుకునే వస్తువు, ఊళ్ళో అందరికీ ఉండేది కాదు. ఇప్పుడు అల్లుడి జేబులో ఫోను, టేబుల్ మీద ల్యాప్‌టాపు, గోడ మీద టీవీ, అన్నీ టైము చెప్పేవే. అయినా మామగారు వాచీ పెట్టాలి, అదీ ఫలానా కిరీటం గుర్తుదే పెట్టాలి. ఏడాదికి ముప్ఫై లక్షలు తెచ్చుకునే కుర్రాడికి రిటైరైన లెక్కల మాస్టారు నాలుగున్నర లక్షల వాచీ పెట్టాలి. "మేం కట్నం తీసుకోలేదండీ" అని చెప్పుకునే మన సాఫ్ట్‌వేరు జనం ఒక్కసారి చేతి మణికట్టు చూసుకోండి. నకిలీవాడి మార్కెట్ నడుస్తున్నది ఇక్కడే. కొత్తది కొనలేనివాడి మీద కొనాల్సిన బలవంతం పెడితే, వాడు వెళ్ళేది తెల్లకాగితం బిల్లు దగ్గరికే.

సరే, ఎవరైనా కొని తీరతాం అంటే నాకు తెలిసింది చెప్తాను. నంబరు ఫోటో చూసి ఎవరూ, ముఖ్యంగా మనం, మాట ఇవ్వొద్దు. మూత తెరిచి మెషీను చూసే మెకానిక్కు కావాలి. 16233లో ఉండాల్సింది 3135 మెషీను, అది ఉందో లేదో మూత తీస్తేనే తెలుస్తుంది. డబ్బు కట్టకముందే అధికారిక సర్వీసుకి చూపించడానికి అమ్మేవాడు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అదే జవాబు. జీఎస్టీ బిల్లు మీద రిఫరెన్సూ సీరియలూ రెండూ రాయించుకోండి. వాచీ, కాగితం, మనిషి.. ఈ మూడింటినీ చూడాలి. వాచీ కొనేముందు అమ్మేవాణ్ణి కొనాలని పాతవాళ్ళు అనేది ఊరికే కాదు.

ఇక బాబాయి సంగతి. బావగారు వద్దన్నా ఆర్నెల్లు ఆగి నేనే చెప్పేశాను. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, అరుగు మీద కూర్చుని. అబద్ధం చెప్పినవాడు డీలరే అయినా, దానికి నా చదువుని సాక్షి సంతకం చేయించింది నేను కదా. పూర్తిగా విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి నంబరు కలిసిందన్నావు కదరా" అన్నాడు. కోపంగా కాదు. లెక్క ఎక్కడ తప్పిందో నిజంగానే అర్థంకాక అడిగాడు. నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాడు. "స్టెప్పులు కరెక్టే బాబాయ్, నేను చేసిందే వేరే లెక్క" అన్నాను. డబ్బు సగం నేను సర్దుతానంటే ఒప్పుకోలేదు. ఇంకా ఒప్పించే ప్రయత్నంలోనే ఉన్నాను.

ఆ మాట్లాడేటప్పుడు ఆయన చేతికి ఉన్నది పాత హెచ్ఎంటీ జనతా. ఆయన పెళ్ళిలో ఆయన మామగారు పెట్టింది. కంపెనీ వాచీల ఫ్యాక్టరీలు మూసేయాలని ప్రభుత్వం 2016లో నిర్ణయించేసింది, ఈయన మాత్రం రోజూ పొద్దున్నే కీ ఇస్తూనే ఉన్నాడు. దాని వెనక కూడా ఏవో అంకెలున్నాయి. ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మా టీము కుర్రాడి విషయమా? లంచ్ టేబుల్ దగ్గరే ఇదంతా చెప్పాను. "డీలరు సర్వీసు సెంటరుకి రమ్మంటే వస్తాడేమో అడుగు ముందు" అన్నాను. అడిగాడు. ఆ తర్వాత డీలరు మెసేజిలకి జవాబివ్వడం మానేశాడు.

రేపు మీ బాబాయో మేనమామో నంబరు ఫోటో పంపి "కాస్త చూసి చెప్పరా" అంటే పట్టిక తెరవకండి బాబూ. "నాకు తెలియదు, తెరిపించి చూద్దాం" అనండి. నేను నాలుగు నిమిషాల్లో చెప్పిన దానికంటే అది చాలా మంచి జవాబు.